అమ్మ బూట్లు విప్పిన ఊళ్ళు

శనివారం పొద్దున మా నోవై ఇంటి వంటగదిలో గసగసాల వాసన వచ్చిందంటే నాన్న వచ్చినట్టే. డెట్రాయిట్ పక్కన పోలండు వాళ్ళ పాత పేటలో ఒక బేకరీ ఉంది. రిటైరైన దగ్గర్నుంచి, రోడ్ల మీద మంచు ఉన్నా లేకపోయినా, నాన్న అక్కడిదాకా కారేసుకుని వెళ్ళి, నల్ల గసగసాల ముద్దను మందంగా పరిచి చాపలా చుట్టి కాల్చిన తీపి రొట్టె ఒకటి తెచ్చి, మా గట్టు మీద పెట్టి, కత్తి కోసం ఉన్న సొరుగులన్నీ లాగుతాడు. గసగసాలు కోడికూరలోకే గాని ఇలా తేనెలో ఉడికించి తినడమేమిటని, పోలండులో మొదటిసారి తిన్నప్పటినుంచీ అమ్మ పాతికేళ్ళుగా అంటూనే ఉంది, పాతికేళ్ళుగా రెండో ముక్క అడుగుతూనే ఉంది. మా అమ్మాయి హన్నాకి ఎనిమిదేళ్ళు. అది లోపలి నలుపంతా గోకి తిని పైరొట్టె నాకు వదిలేస్తుంది. ఆ రొట్టె నమిలినప్పుడల్లా నాకు తడిసిన ఉన్ని కోట్ల వాసన, కొవ్వొత్తుల పొగ, చలికి నల్లబడ్డ రాతి గోడలు గుర్తొచ్చి, పదేళ్ళ పిల్లనై క్రాకోవ్ నడిబొడ్డున నిలబడతాను.

నాకు అయిదేళ్ళప్పుడు మేం చీరాల నుంచి మిషిగన్ వచ్చాం. నాన్న కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. నాకు పదో ఏడు వచ్చేసరికి కంపెనీ వాళ్ళు ఆయన్ని పోలండు దక్షిణాన కొత్తగా పెట్టిన ప్లాంటుకి రెండేళ్ళ పని మీద పంపారు, మూటాముల్లె సర్దుకుని మేం ముగ్గురం వెళ్ళాం. నోవైలో అప్పుడప్పుడే స్నేహితుల్ని సంపాదించుకుని, మాట తీరూ జడ తీరూ మార్చుకుని, పక్కా అమెరికన్ పిల్లనయ్యానని మురిసిపోతున్న నన్ను తీసుకెళ్ళి, ఒక్క ముక్క అర్థంకాని దేశంలో పడేశారని మొదటి నెలంతా ముఖం ముడుచుకునే ఉన్నాను. ఆ అలక తీరడానికి కారణం నాన్న ఆదివారాలు.

మా నాన్నంత పట్టుదలతో ఊళ్ళు చూసే మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు, ఇకముందు చూస్తానన్న ఆశ కూడా లేదు. ప్లాంటులో ఏ భాగం ఏ వరసలో తనిఖీ చేయాలో కాగితం రాసుకున్నట్టే, ఏ ఊళ్ళో ఏది ముందు, ఏది వెనక, ఎక్కడ ఎన్ని నిమిషాలు అని శనివారమే రాసుకునేవాడు. అమ్మ తెల్లారకముందే లేచి పులిహోర కలిపి, పెరుగన్నం డబ్బాలో పెట్టి, నంజుకోడానికి మాగాయ ముక్కలు వేరే సీసాలో మూతబిగించి కట్టేది. కారు కదలగానే నాన్న మ్యాపు విప్పేవాడు, అది తిరిగి మడత పడేది కాదు, సగం దారి అది అమ్మ ఒళ్ళో దుప్పటిలా ఉండేది. చేరాక ఆ కట్టడం ముందు మమ్మల్ని నిలబెట్టి, పుస్తకం తెరిచి, తాను కూడా అప్పుడే తెలుసుకుంటున్నాడన్న సంగతి దాచిపెట్టి, చిన్నప్పటినుంచీ ఎరిగినవాడిలా చరిత్ర చెప్పేవాడు. ఫిల్ము కెమెరా కాబట్టి ఊరికి మూడే ఫోటోలు. మూడింటిలోనూ నేను ఎడమపక్క, అమ్మ కుడిపక్క, మధ్యలో ఏ కోటో గోపురమో ఉండేది.

అలా టోరూన్‌లో ఎర్ర ఇటుకల వీధుల్లో పక్కకి ఒరిగిన బురుజుకి వీపు ఆనించి నిలబడి పడిపోకుండా ఉండగలమేమో చూశాం, అక్కడి అల్లం తేనె బిస్కట్లు కొరికి, బిర్యానీ మసాలా బెల్లంలో కలిపారని అమ్మ తేల్చింది. గ్డాన్స్క్‌లో నది మీదికి వంగి ఉన్న పాత చెక్క క్రేను ముందు నాన్న రాసుకున్న నిమిషాలన్నీ మర్చిపోయాడు. లోపలున్న పెద్ద చక్రాల్లో మనుషులు నడుస్తుంటే బరువులు పైకి లేచేవని తెలిసి, ఆ నడిచినవాళ్ళ కాళ్ళ గురించి ఇంటికొచ్చేదాకా మాట్లాడాడు. మాల్బోర్క్ కోట చూసి, ఇన్ని ఇటుకలు కాల్చడానికి ఎన్ని బట్టీలు పెట్టారో అని అమ్మ నోరు తెరిచింది. వేసవిలో వీధుల పక్కన బుట్టల్లో నల్లటి బ్లూబెర్రీలు అమ్మేవాళ్ళు, వాటితో నా నాలుక ఊదారంగుకి తిరిగేది. శరదృతువులో పార్కుల్లో రాలిన చెస్ట్‌నట్ కాయల్ని జేబులనిండా ఏరుకుని, కోటమెట్ల మీద గోళీల్లా దొర్లించేదాన్ని. క్రాకోవ్ పెద్ద చర్చి బురుజు మీద గంటకోసారి బాకా ఊదేవాళ్ళు, పాట సగంలో టక్కున ఆగిపోయేది. శత్రువు బాణం తగిలి పూర్వం ఊదినవాడు అక్కడే ఆగిపోయాడట, అందుకని ఇప్పటికీ అక్కడే ఆపుతారట. ఆగిన ప్రతిసారీ అమ్మ అయ్యో పాపం అనేది, నిన్న మొన్న జరిగినట్టు.

ఇక అమ్మ సంగతి. మేం ప్రొటెస్టెంట్లం. చీరాలలో మా గుడికి వెళ్ళే ఆడామగా అందరూ వరండా మెట్ల కింద చెప్పులు విప్పి, చల్లటి గచ్చు మీద చాపలేసుకుని కూర్చునేవాళ్ళు. నోవైలో ఆదివారం అద్దె హాల్లో జరిగే తెలుగు ఆరాధనకి కూడా అమ్మ వాకిట్లోనే చెప్పులు విప్పేది, ఆమెను చూసి నలుగురైదుగురు పెద్దవాళ్ళూ విప్పేవాళ్ళు. పోలండులో అడుగడుక్కీ చర్చే. నాన్న లెక్కలో అవన్నీ చూడాల్సిన కట్టడాలు, అమ్మ లెక్కలో అవన్నీ దేవుడి ఇళ్ళు. అది తమ సంఘం కాకపోయినా, లోపల విగ్రహాలున్నా, టూరిస్టులు కెమెరాలతో తిరుగుతున్నా ఆమెకి పట్టేది కాదు. గుమ్మంలో ఒంగి బూట్లు విప్పి, గోడవారగా మడమలు కలిపి పెట్టి, మందపాటి మేజోళ్ళతో లోపలికి నడిచేది. నాన్న మొదట్లో విప్పాడుగాని, లేసులు విప్పి కట్టేసరికి సగం పొద్దు పోతోందని మానేశాడు. మమ్మల్ని అమ్మ ఎప్పుడూ బలవంతపెట్టలేదు. వ్యెలిచ్కా ఉప్పుగనిలో భూమి అడుగున ఉప్పుతోనే చెక్కిన చర్చి ఉంది, నేలా ఉప్పే, దీపాల గుత్తులూ ఉప్పే, అక్కడ కూడా విప్పింది. పైకొచ్చాక మేజోళ్ళు దులిపితే తెల్లగా రాలింది.

ప్ష్చినా అనే ఊరుంది, ఆ పేరు పలకాలంటే నాన్న తుమ్మినంత పని చేసేవాడు. అక్కడి రాజభవనంలో నేల చెక్కలు గీరుకోకుండా సందర్శకులందరికీ పెద్ద పెద్ద ఫెల్టు జోళ్ళు ఇచ్చేవాళ్ళు, మన బూట్ల మీదే తొడుక్కుని జారుకుంటూ నడవాలి. నేను గదిగదికీ స్కేటింగ్ చేశాను. అమ్మ మాత్రం ఆ జోళ్ళని చూసి విజయం సాధించినట్టు నాన్న వైపు తిరిగింది.

"చూశారా అండీ? ఎప్పుడో పోయిన రాజుగారి చెక్కలకే ఇంత మర్యాద చేస్తన్నారే, దేవుడింట్లోకి మాత్రం బురద బూట్లతో టకటకా వెళ్ళాలంటారా?"

నాన్న తన కాగితంలో తర్వాతి గది వెతుక్కున్నాడు. నాకు మాత్రం చర్చికెళ్ళినప్పుడల్లా సిగ్గు దండిగా ఉండేది. జనం చూసేవాళ్ళు మరి. ముసలమ్మలు ఆ మేజోళ్ళని చూసి మోచేత్తో ఒకరినొకరు పొడుచుకునేవాళ్ళు, చిన్నపిల్లలు వేలు చూపించేవాళ్ళు. నేను నాలుగడుగులు వెనక పడి, ఈవిడెవరో నాకు తెలియదన్నట్టు పైకప్పు బొమ్మలు చూస్తుండేదాన్ని. ఆ సిగ్గుతో ఒకరోజు ఒక పని చేశాను. ఆ పని ఏమిటో ఈమధ్యదాకా అమ్మకు చెప్పలేదు, చెప్పనందువల్ల అమ్మ ఏం పోగొట్టుకుందో నాకూ తెలియలేదు.

అది క్రిస్మస్ ముందు ఆదివారం. ఇంట్లో కజ్జికాయలు, జంతికలు వండడం అప్పటికే అయిపోయింది, ఇల్లంతా నూనె వాసన. అమ్మ ఒక డబ్బా నిండా కజ్జికాయలు పెట్టుకుని క్రాకోవ్ బయల్దేరింది. చౌకు నిండా చెక్క దుకాణాలు, పొగగొట్టాలు, కాల్చిన జున్ను, వేడి పళ్ళరసం ఆవిర్లు, మధ్యలో పాతకాలపు బట్టల బజారు పొడుగాటి కమానులతో పెళ్ళిపందిరిలా దీపాలు పెట్టుకుని ఉంది. రాత్రి పడ్డ మంచు వేల బూట్ల కింద నలిగి బూడిదరంగు ముద్దయింది. అక్కడ ఎమిలీ కనబడింది. మా ఇంటర్నేషనల్ స్కూల్లో నా క్లాసే, ఒహాయో అమ్మాయి, వాళ్ళ నాన్నా మా నాన్న ప్లాంటే. నేను ఎలాగైనా స్నేహం చేయాలనుకుంటున్న మనిషి. పెద్దవాళ్ళు చేతులు కలుపుకున్నారు, కజ్జికాయలు పంచుకున్నారు, ఇక అందరం కలిసి చూద్దామని నాన్న తన కాగితం తీశాడు. కాగితంలో తర్వాతది చౌకు వెనక సందులో ఒక చిన్న చర్చి. దాని పేరు నాకు గుర్తులేదు.

అమ్మ ఎప్పటిలాగే అందరికంటే ముందు నడిచి, గుమ్మం లోపల నోటీసు బోర్డు కింద బూట్లు విప్పి వెళ్ళిపోయింది. నోవైలో కొన్నవి, మెరూన్ రంగు, లోపల బొచ్చు. బయట నాన్నా ఎమిలీ వాళ్ళ నాన్నా ఫోటో కోసం వెనక్కి వెనక్కి జరుగుతున్నారు. నేను ఒక్క పరుగున లోపలికొచ్చాను. ఆ బూట్లు నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉన్నాయి. పక్కన ఒక పెద్ద అట్టపెట్టె, దాన్నిండా పాత కోట్లు, టోపీలు ఉన్నాయి. దానిమీద ఏదో రాసుంది, నాకు పోలిష్ రాదు. బూట్లు తీసి పెట్టెలో కోట్ల అడుగున కుక్కేశాను. మళ్ళీ బయటికొచ్చేటప్పుడు అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి తీసి పెట్టేద్దామని నా ఉద్దేశం.

లోపల అంతా అనుకున్నట్టే జరిగింది. అమ్మ బెంచీలో కూర్చుని పొడుగు కోటు కింద పాదాలు ముడుచుకుంది, ఎమిలీ ఏమీ గమనించలేదు. నేను ఎమిలీకి బంగారు పూత బలిపీఠం చూపిస్తూ, నాన్న పుస్తకం చదవగా విన్నదంతా నా సొంతంలా చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. పరుగెత్తుకొచ్చేసరికి పెట్టె లేదు. దాన్ని ఎక్కించుకున్న వ్యాను సందు చివరికి పోతూ కనబడింది, అది పేదవాళ్ళకి పండగ బట్టలు పంచే పెట్టె అని తర్వాత బళ్ళో తెలిసింది. అది ఉన్నచోట నేల పొడిగా, నలుచదరంగా ఉంది, చుట్టూ అంతా కరిగిన మంచు తడి.

అమ్మ బోర్డు కింద చూసింది, తలుపు వెనక చూసింది, మళ్ళీ బోర్డు కింద చూసింది. నాన్న చర్చి కాపలాదారుని పిలిచి తన పాదాలు చూపించి, అమ్మ పాదాలు చూపించి, రెండు చేతులూ తిప్పాడు. ఆ ముసలాయనకి బూట్లు పోవడం కాదు, డిసెంబరులో మనిషన్నవాడు బూట్లు ఎందుకు విప్పాడన్నదే అంతుబట్టలేదు. అప్పుడే చెప్పి ఉంటే వ్యాను ఆ సందు మలుపులోనే దొరికేదేమో. కాని ఎమిలీ నా పక్కనే నిలబడి ఉంది.

"పోన్లెండి. ఎవరికో అవసరమై ఉంటది, తీసుకున్నారు" అంది అమ్మ.

నాన్న తన బూట్లు ఇస్తానన్నాడు, ఆమె వద్దంది. ఎత్తుకుంటానన్నాడు, ఊరుకోండి అని కసిరింది. ఆ మంచు ముద్దలో, రాళ్ళు పరిచిన సందు దాటి, చౌకు సగం దాటి, బట్టల బజారులో ఉన్ని జోళ్ళమ్మే దుకాణం దాకా అమ్మ మేజోళ్ళతో నడిచింది. పండక్కొచ్చిన ఊరంతా చూసింది. ప్రతి అడుగుకీ ఇప్పుడు చెప్పేస్తాను, ఇదిగో ఇప్పుడు చెప్పేస్తాను అనుకుంటూ ఆమె వెనకే నడిచాను. ఎమిలీ నవ్వలేదు. దుకాణంలో అమ్మ కూర్చోగానే తన చేతి ఉన్ని తొడుగులు తీసి, అమ్మ కాలివేళ్ళకి తొడిగి, మీ అమ్మ దేవుడికోసం బూట్లు విప్పుతుందా, మా ఇంట్లో ఎవరూ అలా చేయరు అని నన్ను మెచ్చుకోలుగా అడిగింది. నేను దుకాణంలో వేలాడదీసిన జోళ్ళు లెక్కపెడుతూ నిలబడ్డాను.

వారం రోజులు అమ్మ పాదాలు కమిలి వాచాయి. నాన్నతో పనిచేసే ఒకాయన భార్య లలిత ఆంటీ, కరీంనగర్ ఆవిడ, మా పక్క అపార్ట్‌మెంటే, నువ్వులనూనె వేడిచేసి తెచ్చింది.

"మంచిగైందక్కా, గుడి కాడ చెప్పులు పోతే శని పోయినట్టే అంటరు మా దిక్కు. ఫికర్ చెయ్యకు" అంది.

అమ్మ నవ్వింది. నవ్విందికదా అని నేనూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాను.

వసంతం రాగానే ష్విద్నిత్సా అనే ఊరు వెళ్ళాం. ఆ ప్రయాణం కోసం అమ్మ ఏడాదిగా ఎదురుచూస్తోంది. అది మా ప్రొటెస్టెంట్ల చర్చి. పూర్వం రాజు వాళ్ళకి అనుమతి ఇస్తూనే పీటముడి వేశాడట: రాయి వాడకూడదు, గోపురం ఉండకూడదు, గంట ఉండకూడదు, ఊరి గోడ బయట ఒక్క ఏడాదిలో కట్టేయాలి. వాళ్ళు చెక్క, మట్టి, గడ్డితో కట్టేశారు, ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది. బయటనుంచి పెద్ద ధాన్యపు కొట్టులా ఉంటుంది, లోపలికెళితే అంతస్తులు అంతస్తులుగా వసారాలు, పైకప్పు నిండా రంగుల బొమ్మలు. ఆ కథ నాన్న ఇంటిదగ్గర చదివినప్పుడే అమ్మ, అక్కడికి మాత్రం పస్తుండి వెళతానంది, మేజోళ్ళు కూడా తీసేస్తానంది. నిజంగానే పస్తు ఉంది. గుమ్మందాకా వచ్చి ఆగింది. నేను నేలకేసి చూస్తూ నిలబడ్డాను. అమ్మ కొత్త బూట్లతోనే లోపలికి నడిచింది.

పాత చెక్కల మీద ఆ బూట్లు టక్ టక్ మంటుంటే, ఏడాదిగా నేను కోరుకున్నది ఇదేనని నాకు తెలుసు. నాకు ఏడుపొచ్చింది. అమ్మ మోకాళ్ళూనలేదు, బెంచీ చివర చుట్టపుచూపుగా కూర్చుని, తొందరగా లేచింది. ఆ తర్వాత పోలండులో మేం చూసిన ఏ చర్చిలోనూ ఆమె బూట్లు విప్పలేదు. నోవై తిరిగొచ్చాకా అంతే. ఎవరైనా అడిగితే చలిదేశంలో అలవాటు తప్పిందని చెప్పేది. ఆమెను చూసి విప్పిన పెద్దవాళ్ళు ఒక్కొక్కరే మానేశారు.

ఇప్పుడు మా సంఘానికి సొంత భవనం ఉంది, గోడనుంచి గోడకి కార్పెట్ ఉంది, వాకిట్లో చెప్పులున్న ఆదివారమే లేదు. ప్ష్చినాలో ఫెల్టు జోళ్ళ బదులు ప్లాస్టిక్ తొడుగులిస్తున్నారని ఎవరో చెప్పారు. ఫిల్ము కెమెరా పోయింది, మడత పడని మ్యాపు పోయింది, మోకాళ్ళ నొప్పులతో నాన్న సైట్‌సీయింగ్ బేకరీ దగ్గరే ఆగిపోతోంది. వీటిలో వేటికీ నేను పెద్దగా బాధపడను, కాలం పని కాలం చేసింది. వాకిట్లో చెప్పులు పోవడం ఒక్కటే కాలం చేసిన పని కాదు.

మొన్న ఆగస్టులో మేమంతా ఒక రెస్టారెంట్‌కి వెళ్ళాం. భోజనానికి ముందు అమ్మ కళ్ళు మూసుకుని తన మామూలు గొంతుతో ప్రార్థన చేసింది. తిరిగొస్తుంటే కార్‌లో హన్నా నా చెవిలో చెప్పింది.

"మమ్మీ, అమ్మమ్మకి చెప్పు, అలా లౌడ్‌గా ప్రే చేయొద్దు అని. నా ఫ్రెండ్ అక్కడ ఉంది. సో ఎంబరాసింగ్."

ఆ సాయంత్రమే అమ్మ దగ్గరికి వెళ్ళాను. పెరట్లో కాసిన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని, క్రాకోవ్‌లో నీ బూట్లు ఎవరూ ఎత్తుకుపోలేదమ్మా, నేనే దాచాను అని మొదలుపెట్టి, ఎమిలీ, పెట్టె, వ్యాను, అన్నీ చెప్పాను. అమ్మ ముందు నవ్వింది.

"దొంగముండా! పేదోళ్ళ పెట్టెలోనా? అయితే ఎవరికో పండక్కి దక్కినయ్యే" అంది.

తర్వాత ఒక కాయ ఈనె తీసి, తీసిన కాయనే మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"నేనేం అనుకున్నానో తెల్సా? ఇన్ని గుళ్ళల్లో విప్పితే పోనివి, పండగపూట పోయినయ్యేంటి? నీ మర్యాద నాకొద్దులేవే అని దేవుడే చెప్పాడనుకున్నా. ఏదో తప్పు చేసుంటాననుకున్నా. ఆ చెక్కగుళ్ళో కూడా అదే... పస్తుండి పోయి, పిలవని పేరంటానికి పోయినట్టు కూర్చున్నా."

పాతికేళ్ళు. ఆ మనిషి పాతికేళ్ళు ప్రతి ఆదివారం అలా కూర్చుంది. నేను ఆమె పక్క బెంచీలోనే కూర్చున్నాను.  అమ్మే నా ఒళ్ళోకి నాలుగు చిక్కుడుకాయలు తోసి, ఏడవకే, ఈనెలు తియ్యి అంది.

ఆ వచ్చిన ఆదివారం చర్చి గుమ్మం దగ్గర అమ్మ ఆగింది. పక్కన జనం దాటుకుని వెళుతున్నారు. ఒక చెయ్యి గోడకి ఆనించి, మెల్లగా ఒంగి, బూటు పట్టీ ఊడదీసింది. అమ్మకి షుగరొచ్చి పదేళ్ళయింది, పాదాల్లో స్పర్శ తగ్గిపోయింది. ఒక్క అడుగు కూడా వట్టికాళ్ళతో వేయకూడదని, ఇంట్లో కూడా చెప్పులు వదలొద్దని పోయినేడు డాక్టరు చెబుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"వద్దమ్మా" అని చెయ్యి పట్టుకున్నాను.

"ఒక్కసారే" అంది, చిన్నపిల్లలా నాకేసి చూస్తూ.

నేను అందరి మధ్యా ఆమె కాళ్ళ దగ్గర కింద కూర్చుని, ఊడిన పట్టీని మళ్ళీ బిగించాను.